మూత ముట్టుకున్నాకే

“‘కట్టేశా’ అన్నాడండీ మా ఆయన. నా మొహంలోకి చూసి మరీ అన్నాడు. అబద్ధమాడే మనిషి కాదు, అప్పుడు కూడా ఆడలేదు. అదే నా బాధ. అబద్ధమాడితే పట్టుకోవచ్చు, నాలుగు తిట్టొచ్చు. నిజం చెప్పినోణ్ణి ఏం చేస్తాం చెప్పండి? కాస్త ముందుకు జరపండి, వెనక టైరు చూద్దాం.”

స్కూటరు ముందుకు జరిపాను. ఖాసింబీ గారు మడమల మీద కూర్చుని వెనక చక్రానికి గాలి గొట్టం తగిలించారు.

విజయవాడ నుంచి మైలవరం వెళ్ళే రోడ్డు మీద, గొల్లపూడి దాటాక ఉన్న పెట్రోలు బంకు అది. ఆవిడకి యాభై రెండేళ్ళు. పంజాబీ డ్రెస్సు మీద నీలం రంగు బంకు చొక్కా తొడుక్కుని, తలకి చుట్టిన స్కార్ఫు చివరలు కాలరు లోపలికి దోపుకుంటారు. ఎగిరే గుడ్డ పంపు దగ్గర పనికిరాదని ఆవిడే పెట్టుకున్న నియమం. పదమూడేళ్ళుగా రెండో నంబరు పంపు ఆవిడది. ఆ దారిన వెళ్ళే లారీవాళ్ళకి పంపు నంబరు తెలియదు, “ఆపా పంపు” అంటే తెలుసు. ఆపా అంటే ముస్లిం ఇళ్ళల్లో అక్క. ముస్లింలూ, కానివాళ్ళూ అందరూ అలాగే పిలుస్తారు.

అలాంటి మనిషి నెల రోజులుగా బంకు మూలన, గాలి పట్టే చోట ఉంటున్నారు. ఎందుకని అడిగాను.

“అక్కడ నోరెక్కువైందని ఇక్కడ గాలికొదిలేశారు,” అని నవ్వారు.

ఆ నోరు ఎందుకు లేచిందో తెలుసుకుందామని నాలుగైదు సార్లు వచ్చాను. టైర్లలో గాలి ఉన్నా పట్టించుకున్నాను. ఆవిడకి ఆ సంగతి తెలుసు. “ఇంక పట్టిస్తే పేలుద్ది, ఊరికే కూర్చుని అడగండి” అని ఒకరోజు ప్లాస్టిక్ స్టూలు ఇటు తోశారు. ఆ రోజు నుంచి ముక్కలు ముక్కలుగా చెబుతున్నారు. మధ్యలో ఏ ఆటోవాడో వస్తే లేచి, గాలి పట్టి, వచ్చి సరిగ్గా ఆపిన మాట దగ్గరే అందుకుంటారు.

ఆవిడ భర్త అబ్దుల్ రవూఫ్ గారు బిర్యానీ మాస్టరు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ ఆయన పక్కన కూర్చుని బస్తాలకి బస్తాలు ఉల్లిపాయలు తరిగేవారు. తర్వాత ఈ బంకులో ఆడవాళ్ళని తీసుకుంటున్నారని తెలిసి, ఎవరినీ అడగకుండా వచ్చి చేరారు. బంధువుల్లో పెద్ద గొడవైంది.

“మా ఆడపడుచు భవానీపురం నుంచి ఆటో కట్టించుకుని వచ్చింది తిట్టడానికి. నేనన్నా, ‘పెళ్ళివారి పెరట్లో గోడ పక్కన ఉల్లిపాయలు తరిగినన్నాళ్ళు నేను ఎవరికీ కనపడలా. చొక్కా వేసుకుని పెట్రోలు పోస్తుంటే అందరికీ కళ్ళొచ్చినయ్యా?’ అని. అదే ఆటోలో తిరిగెళ్ళింది. ఆ ఆటోకి నేనే ఆయిలు పోశా.”

రవూఫ్ గారు ఏమన్నారని అడిగాను.

“ఆయనేం అంటాడు? ఏమీ అనడు. ఆయన మాట్లాడేదంతా బిర్యానీ వండే డేక్సాతోనే. మూత తీసి వాసన చూసి, ‘ఊఁ’ అంటాడు. అదీ ఆయన ఉపన్యాసం.”

ఆ మాట్లాడని మనిషి అన్న ఒక్క మాట దగ్గరికి ఇప్పుడు వచ్చాం.

రవూఫ్ గారు పనిచేసేది కోటేశ్వరరావు గారి కేటరింగ్‌లో. అవనిగడ్డ వైపు రైతు కుటుంబం వాళ్ళది. ఆయన పొలం వదిలి పందిళ్ళలోకి వచ్చి, బాగా పైకొచ్చాడు. ఆయనకి ఐదు వంట బళ్ళున్నాయి. వంట బండి అంటే బొలేరో వెనక కొక్కేనికి తగిలించి లాక్కెళ్ళే ట్రైలరు. చుట్టూ రేకులు, లోపల మూడు పెద్ద పొయ్యిలు, నాలుగు గ్యాస్ సిలిండర్లు. బియ్యం సగం ఉడికించి, మాంసం మీద పరిచి, డేక్సా మూత చుట్టూ పిండి మెత్తి దమ్ కడతారు. ఆ పనంతా భవానీపురం గోడౌనులో అయిపోతుంది. ఏ మైలవరంలోనో కల్యాణ మండపం చేరేసరికి దించి వడ్డించడమే మిగిలేది. ‘పొగలు కక్కే బిర్యానీ మీ గుమ్మంలో’ అని ఆయన బళ్ళ మీద రాసుంటుంది. ఆ పొగలు ఎలా కక్కుతాయంటే, దారి పొడుగునా డేక్సా కింద సన్నమంట వెలుగుతూనే ఉంటుంది.

నాకు నమ్మబుద్ధి కాలేదు. “నడిచే బండిలో మంటా?” అన్నాను.

“ఇక్కడ కూర్చుని అందరూ అట్టాగే అడుగుతారండీ. తినేటప్పుడు ఒక్కళ్ళూ అడగరు.”

ఈ పెళ్ళిళ్ళ సీజన్ మొదట్లో మైలవరం వెళ్తూ, కొండపల్లి దగ్గర గుంటలో పడి రవూఫ్ గారి ట్రైలరు ఊగిపోయింది. ఒక సిలిండరు పక్కకి పడి దొర్లింది. రవూఫ్ గారు ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పారు. వారం తిరక్కుండా మళ్ళీ మైలవరం పెళ్ళే తగిలింది. ఆ రోజు పొద్దున్నే ఆయన టీ తాగుతుంటే ఖాసింబీ గారు ఒకటికి మూడుసార్లు చెప్పారు.

“‘సిలిండర్లు కట్టేసుకో. గట్టిగా కట్టేసుకో. కట్టేయకుండా బండి కదలనీకు’ అన్నా. బుద్ధిగా విన్నాడు. పోతూ పోతూ కొత్త నైలాన్ తాడు కొనుక్కుని మరీ పోయాడు.”

ఆ మధ్యాహ్నం పదకొండున్నరకి బొలేరో బంకులోకి వచ్చింది, వెనక ట్రైలరుతో. డ్రైవరు బాబీ, పక్కన రవూఫ్ గారు. రెండో పంపు దగ్గర ఆగారు. వంట సామాను ఉన్న ఏ బండి వచ్చినా ఈవిడ ఒక ప్రశ్న అడుగుతారు. అదే అడిగారు.

“‘గ్యాస్ కట్టేశారా?’ అన్నా. మా ఆయన కిటికీలోంచి తల బయట పెట్టి, ‘కట్టేశా, కట్టేశా’ అన్నాడు. ఏదో బహుమతి గెలిచినట్టు మొహం. నేను చెప్పింది చేశాననే సంబరం పాపం. నాకు అది వెలగలేదు. డీజిలు ట్యాంకు మూత తీశా, పంపు గన్ను ఎత్తా.”

ఇక్కడ ఆవిడ ఆగి, చేతిలోని గాలి గొట్టాన్ని చూసుకున్నారు.

“చీలమండ దగ్గర వెచ్చగా తగిలిందండీ. ఎండ అనుకున్నా. కానీ నేను నిలబడింది నీడలో. బుస్సుమని సన్నగా చప్పుడు. వంగి చూస్తే ట్రైలరు కింది రేకు సందులోంచి నీలం మంట. పక్క పంపులో ఇద్దరు కుర్రాళ్ళు బైకుల్లో పెట్రోలు పోయించుకుంటున్నారు.”

“మీది డీజిలే కదా, అది అంత తొందరగా అంటుకోదంటారు,” అన్నాను, నాకు తెలిసినంతలో.

“నాది డీజిలే. పక్కది? చూడండి, గ్యాసంటే పొగలాగా పైకి పోద్దనుకుంటారు. పోదు. నీళ్ళలాగా కిందకి జారి, ఎక్కడ పల్లముంటే అక్కడ కూర్చుంటది. పెట్రోలు ఆవిరి కూడా అంతే. ఇద్దరూ అక్కాచెల్లెళ్ళు, నేల మీదే కలుసుకుంటారు. మధ్యలో మంట అనే పెళ్ళికొడుకుని తెచ్చి నిలబెట్టాడు మా ఆయన.”

ఆవిడ గన్ను ఎక్కడిది అక్కడ తగిలించారు. స్తంభానికున్న ఎర్ర బటన్ మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచారు. బంకు మొత్తం ఆగిపోయింది. “ఎవరూ బండి స్టార్ట్ చెయ్యొద్దు, నెట్టుకుంటూ రోడ్డు మీదకి పొండి” అని అరిచారు. బైకు కుర్రాళ్ళు తిట్టుకుంటూ నెట్టారు. ట్రైలరు తలుపు తీసి, రవూఫ్ గారిచేత మంట ఆర్పించి, గ్యాస్ ఆపించారు.

“అప్పుడు కూడా ఆయనకి అర్థం కాలేదండీ. ‘ఏమైందే? కట్టేశానని చెప్పాగా, కావాలంటే చూడు’ అని తాడు చూపించాడు. నాలుగు సిలిండర్లూ కలిపి ట్రైలరు గోడకి కట్టాడు. మీ పెళ్ళిళ్ళల్లో మూడేగా ముళ్ళు, ఈయన ఐదేశాడు.”

ఆవిడ నవ్వారు. నేనూ నవ్వాను. మనం స్టవ్ కట్టేయమంటాం, లైటు కట్టేయమంటాం. గేదెనీ కట్టేయమంటాం. ఇన్నేళ్ళుగా ఇన్ని పనులకి ఒక్క మాట వాడుతూ ఇళ్ళు తగలబెట్టుకోకుండా ఎలా బతుకుతున్నామా అనిపించింది.

“పొద్దున నేను చెప్పిన కట్టడం ఆయన చేశాడు. మధ్యాహ్నం నేనడిగిన కట్టడం వేరే. ఇంతకీ ఆ రోజు ఏం జరిగిందంటారు? ఏమీ జరగలా. ఒక్క నిప్పురవ్వ ఎగర్లా. అదే నా నేరం. ఏదన్నా అయ్యుంటే నా ఫొటోకి దండేసి, మంచి మనిషి అనేవాళ్ళు. ఏమీ కాలేదు కాబట్టి, బంకు నలభై నిమిషాలు ఆపించిన పొగరుబోతుదాన్ని అయ్యా.”

బిర్యానీ మైలవరం చేరేసరికి పెళ్ళివాళ్ళు బంతిలో కూర్చుని ఉన్నారు. కోటేశ్వరరావు గారు మాట పడ్డాడు. ఆయన మర్నాడే బంకుకొచ్చి, మేనేజరు తిరుపతిరావు గారి గదిలో కూర్చున్నాడు. మంట ఆర్పించడం వల్ల దమ్ చెడిందనీ, తన పేరు పోయిందనీ చెప్పాడు. ఐదు బళ్ళూ ఈ బంకులోనే పోయించుకునే మనిషి ఆయన. తిరుపతిరావు గారు చేతులు కట్టుకుని విన్నాడు.

ఇంట్లో ఆ రాత్రి ఖాసింబీ గారు భర్తని ఒక్కటే అడిగారట. ముప్పావుగంట మంటాపితే దమ్ చెడుతుందా? ఆయన తల అడ్డంగా ఊపారు. చెడదు. మరి ఆ ముక్క మీ సార్‌కి చెప్పొచ్చుగా? ఆయన కంచం తీసుకుని లేచి వెళ్ళిపోయారు.

“భయమండీ. సీజన్లో పని పోద్దని. నాకు తెలుసు. ఆయన ఒక్కడే ఆ మాట చెప్పగలడు. నేను చెప్తే పెట్రోలు పోసే దానికి బిర్యానీ గురించి ఏం తెలుసంటారు.”

ఆ తర్వాత ఆవిడ ప్రశ్న మార్చారు. కట్టేశారా అనే మాట వదిలేసి, “గ్యాస్ ఆపారా?” అని అడగడం మొదలుపెట్టారు. పది రోజులు సజావుగా సాగింది. పదకొండో రోజు బాబీ ఒక్కడే ట్రైలరు తెచ్చాడు.

“‘ఆపారా?’ అని అడిగా. వాడు ‘ఆపా!’ అన్నాడు. సరేనని గన్ను ఎత్తా. వాడు మాట ఇంకా ఆపలా: ‘ఆపా, తొందరగా డీజిలు పొయ్యి ఆపా, అక్కడ సార్ తిడుతున్నాడు’ అన్నాడు. అప్పుడు వెలిగింది నా బుర్ర. వాడు ఆపానని చెప్పడం కాదు, నన్ను పిలుస్తున్నాడు!”

ఈసారి నేను స్టూలు మీద నుంచి పడినంత పని అయింది.

“నవ్వండి, నవ్వండి. నేనూ నవ్వా. మంటార్పించాక నవ్వా. అప్పుడు అనుకున్నా, ఇంక తెలుగులో మాటలు వెతకడం నా వల్ల కాదని. నోరు వద్దు. చెయ్యే.”

ఆ రోజు నుంచి ఆవిడ నియమం ఇది. వంట ట్రైలరు బంకులోకి రాకముందే రోడ్డు వారన ఆగాలి. మంట ఆర్పాలి. సిలిండరు మీద నుంచి రెగ్యులేటరు తీసేసి, తాడుకి వేలాడే ప్లాస్టిక్ మూత దాని నోటికి బిగించాలి. తలుపులు తీసి కాసేపు గాలి ఆడనివ్వాలి. ట్రైలర్లో మనిషి ఉండకూడదు. తర్వాత ఆవిడ వచ్చి, ఒక్కొక్క మూతనీ చేత్తో తడిమి చూస్తారు. మూత ముట్టుకున్నాకే గన్ను ముట్టుకుంటారు.

కోటేశ్వరరావు గారు మళ్ళీ వచ్చాడు. ఈసారి గదిలో కూర్చోలేదు, పంపుల మధ్య నిలబడి గట్టిగా మాట్లాడాడు. ఆవిడ ఆ మూతలు తడమడం మానేసి, అందరి ముందూ సారీ చెప్పాలి. లేకపోతే బళ్ళు రావు, రవూఫ్‌కి పనీ ఉండదు. తిరుపతిరావు గారు చెడ్డవాడు కాదు, గొడవంటే కడుపు నొప్పి వచ్చే మనిషి. ఆలోచించుకోమని చెప్పి, అప్పటిదాకా ఆవిడని గాలి దగ్గరికి మార్చాడు.

“ఆలోచించుకున్నారా?” అన్నాను.

“రోజూ ఆలోచిస్తా. టైరు టైరుకీ ఆలోచిస్తా. సారీ చెప్తే నా పంపు నాకొస్తది, ఆయన పని ఆయనకుంటది. చెప్పకపోతే రెండూ పోతాయి. ఇంత తేలికైన లెక్క తప్పుతున్నానంటే, చెప్పడం ఇష్టం లేదనే కద—”

ఆవిడ మాట సగంలో ఆగింది. నా భుజం మీదుగా రోడ్డు వైపు చూస్తున్నారు. తిరిగి చూశాను. తెల్ల బొలేరో, వెనక పొగలు కక్కే బిర్యానీ అని రాసిన ట్రైలరు, బంకు వైపు తిరుగుతోంది. బాబీ నడుపుతున్నాడు. పక్కన రవూఫ్ గారు, కిటికీ వైపు కోటేశ్వరరావు గారు.

ఖాసింబీ గారు గాలి గొట్టం కింద పడేసి నడిచారు. పరిగెత్తలేదు. బొలేరో ముందు చక్రాలు బంకు సిమెంటు మీదకి ఎక్కే చోట, రెండు చేతులూ నడుముకి పెట్టుకుని అడ్డంగా నిలబడ్డారు. బాబీ బ్రేకు తొక్కాడు.

కోటేశ్వరరావు గారు కిటికీ అద్దం దించాడు. నిండైన మనిషి, తెల్ల చొక్కా. “ఏంటమ్మా, గాలి దగ్గర పెట్టినా నీలో గాలి తగ్గలేదా?”

“గాలి తగ్గింది మీ ట్రైలరు టైర్లలో సార్, నాలో కాదు. ఇంజను ఆపించండి. మంటార్పి లోపలికి రండి.”

“నీకా డ్యూటీ లేదిక్కడ.”

“డ్యూటీ లేదు. ముక్కుంది సార్. నెయ్యి వాసన ఇక్కడిదాకా కొడతంది. చల్లారిన డేక్సాకి ఇంత వాసన రాదు.”

అప్పటికి పంపుల దగ్గర ఏడెనిమిది బళ్ళున్నాయి. అందరూ ఇటు చూస్తున్నారు. తిరుపతిరావు గారు గదిలోంచి కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చాడు.

“ఖాసింబీ, పక్కకి రా అమ్మా. సార్‌కి సారీ అని చెప్పెయ్. ఒక్క మాట. అయిపోద్ది.”

“ఒక్క మాటతోనే కద సార్ వచ్చింది ఇదంతా. మళ్ళీ ఇంకో మాటా?”

“పన్నెండున్నరకి మూడొందల మంది కూర్చుంటారు అక్కడ!” కోటేశ్వరరావు గారు తలుపు తెరిచి దిగాడు. “మంటాపితే దమ్ చెడుద్ది. నా పేరు చెడుద్ది. నువ్వు తెచ్చిస్తావా మళ్ళీ?”

“చెడుద్దని మీకెవరు చెప్పారు?”

“ఎవరో చెప్పాలా? ఇరవై ఏళ్ళుగా కేటరింగ్ చేస్తున్నా.”

“మీరు చేసేది కేటరింగ్ సార్. వండేది ఆయన. పక్కనే కూర్చోబెట్టుకున్నారు, ఒకసారి అడగండి.”

ఎవరూ అడగలేదు. రవూఫ్ గారు బొలేరో సీట్లో కదలకుండా కూర్చుని, ఒళ్ళో పెట్టుకున్న చేతులు చూసుకుంటున్నారు. పొడుగాటి మనిషి, నెరిసిన గడ్డం. మణికట్టు దాకా కాలిన మచ్చలు. నాకు ఆయన్ని చూడటం అదే మొదలు. ఆయన నోరు తెరవడని అప్పుడే నాకు అనిపించింది. ఖాసింబీ గారికి కూడా అనిపించి ఉంటుంది. గొంతు పెంచారు.

“ఓ మాస్టరుగారూ! ముప్పై ఏళ్ళుగా వండుతున్నారు. దమ్ అంతా డేక్సాలోనే పెట్టేశారా, మీ దగ్గర కాస్తేమన్నా మిగుల్చుకున్నారా?”

బాబీ స్టీరింగ్ మీదకి వంగిపోయాడు, నవ్వు కనపడకుండా. పంపు దగ్గర ఎవరో పైకే నవ్వారు. కోటేశ్వరరావు గారు అటు గుడ్లురిమి చూశాడు.

రవూఫ్ గారు దిగారు. ఎవరివైపూ చూడకుండా, బొలేరోని రోడ్డు వారకి నెట్టమని బాబీకి చెయ్యి ఊపారు. బాబీ, నేను, ఇంకో ఇద్దరం కలిసి నెట్టాం. ఆయన ట్రైలరు తలుపులు రెండూ బార్లా తీసి లోపలికెళ్ళారు. బుస్సుమనే చప్పుడు ఆగిపోయింది. అది ఆగాకే, అంతసేపూ ఆ చప్పుడు వింటూ ఉన్నానని నాకు తెలిసింది. ఒక్కొక్క రెగ్యులేటరూ పీకి, మూతలు బిగించిన టక్కుమనే చప్పుడు నాలుగుసార్లు వినపడింది. కిందకి దిగి, కోటేశ్వరరావు గారి ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

“సార్. మూత చుట్టూ పిండి ఊడనంతసేపు లోపలి వేడి ఎక్కడికీ పోదు. పావుగంట కాదు, గంటసేపు మంట లేకపోయినా ఒక్క మెతుకు పాడవదు. నా బిర్యానీ సంగతి నాకు తెలుసు.”

“ఇన్నాళ్ళూ చెప్పలేదేం మరి?”

“మీరు అడగలేదు. నేను చెప్పలేదు. ఇద్దరిదీ తప్పే.”

నేను విన్నంతలో ఆయన చేసిన అతి పెద్ద ఉపన్యాసం అదే అయుంటుంది. ఖాసింబీ గారు ఒక్క ముక్క మెచ్చుకోలేదు. ఆయన పక్క నుంచి నడిచి ట్రైలరెక్కి, వంగి, నాలుగు మూతలూ వేళ్ళతో తడిమారు. నాలుగోదాన్ని పట్టుకుని, “ఇది సగమే దిగింది, నొక్కండి” అన్నారు. ఆయన వచ్చి నొక్కారు. ఆవిడ మళ్ళీ తడిమారు.

అందరం ఎండలో పది నిమిషాలు నిలబడ్డాం. కోటేశ్వరరావు గారు మూడుసార్లు వాచీ చూసుకున్నాడు. బొలేరో రెండో పంపు దగ్గరికి వచ్చింది. ఖాసింబీ గారు ఆ పంపు దగ్గరికే నడిచారు. ఆవిడని అక్కడికి ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. అక్కడున్న కుర్రాడు గన్ను ఆవిడ చేతికిచ్చి పక్కకి తప్పుకున్నాడు.

“జీరో చూసుకోండి సార్,” అన్నారు.

కోటేశ్వరరావు గారు చూడలేదు. ఆయిలు పోయడం అయ్యాక బండెక్కుతూ అన్నాడు, “ఇదే ఆఖరు తిరుపతిరావు గారూ. రేపట్నుంచి నా ఐదు బళ్ళూ బందరు రోడ్డు మీద పోయించుకుంటా. అక్కడ నోటితో అడిగి పోస్తారు, ఇట్టా తడుములాట లేదు. ఏం రవూఫ్, ఎక్కుతావా, ఇక్కడే ఉంటావా?”

“ఎక్కుతా సార్. వండింది వడ్డించాలి. రేపటి సంగతి రేపు.” ఎక్కేముందు ఆయన భార్యవైపు చూసి, డేక్సా మూత తీసినప్పుడు అనే “ఊఁ” లాంటిదేదో అన్నారు.

బండి వెళ్ళిపోయింది. తిరుపతిరావు గారు రెండో పంపు దగ్గరికి వచ్చాడు. “ఈ పూటకి ఇక్కడే ఉండమ్మా. తర్వాత సంగతి తర్వాత చూద్దాం,” అన్నాడు.

“తర్వాత కూడా ఇక్కడే ఉంటా సార్. గాలికి ఇంకొకళ్ళని చూసుకోండి.”

ఆయన మళ్ళీ కళ్ళజోడు సర్దుకుని గదిలోకి వెళ్ళాడు.

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. దగ్గరికెళ్ళి, “గెలిచారు కదండీ,” అన్నాను.

“ఏం గెలుపు? ఆయన చెప్పింది వినలేదా మీరు? ఇక్కడ ఆగే బళ్ళు అక్కడ ఆగుతాయి. మా ఆయన ఉన్నా ఒక బండిలోనే ఉంటాడు, ఉంటే. మిగతా నాలుగు?” ఆవిడ గన్ను తుడిచి తగిలించారు. “బందరు రోడ్డులో, బెంజ్ సర్కిల్ దాటాక బంకుంది. అక్కడ సింధూరి అని ఒక పిల్ల పోస్తది. బంకుల్లో పనిచేసేవాళ్ళకి పెట్టిన ఫైర్ క్లాసులో నా పక్కన కూర్చుంది, రెండు జడలేసుకుని. మంచి పిల్ల. ఎంత మర్యాదగా అడుగుద్దో తెలుసా? ‘గ్యాస్ కట్టేశారాండీ’ అని అడుగుద్ది.”

ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అన్నాను.

“ఫోన్లో చెప్తే సరే ఆంటీ అంటది. ‘సరే’ని నేను నమ్మను. ఆ స్టూలు లోపల పెట్టేసి మీరు వెళ్ళండి. ఇయ్యాలే వెళ్ళండి, రేపట్నుంచి ఆ బళ్ళు అక్కడికొస్తాయి. అడగొద్దని చెప్పండి. ముట్టుకోమని చెప్పండి. ఏ టీ బండో, బజ్జీల బండో వచ్చేదాకా ఆగి, ఆ పిల్ల మూత ముట్టుకోవడం మీ కళ్ళతో చూసి, అప్పుడు నాకు ఫోన్ చెయ్యండి. చెప్పానండీ అని మాత్రం చెయ్యమాకండి.”